రాకెట్ పేలితే మీకు ఎంత దూరంలో పేలింది? మెరుపుకీ మోతకీ మధ్య సెకన్లతో దూరం కట్టే పద్ధతి

మెరుపు కనబడ్డాక మోత వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయని బడిలోనే నేర్చుకున్నాం. పిడుగుకి అది చాలు. రాకెట్ దగ్గర చాలదు. పిడుగు ఒక్కసారి మెరిసి ఒక్కసారి ఉరుముతుంది. రాకెట్ మాత్రం పేలడానికి ముందు నుంచే మోగుతూ ఉంటుంది, పేలాక కూడా ఆ పాత మోత మనకు వినబడుతూనే ఉంటుంది. కాబట్టి ఇక్కడ గుణకారం తేలికే, ఏ మెరుపుకి ఏ మోత జతో తేల్చుకోవడమే కష్టం. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

ఉదాహరణలు ఎక్కువగా శ్రీహరికోటవే. పద్ధతి ఏ ప్రయోగ కేంద్రానికైనా పనికొస్తుంది.

## 1. వెళ్లే ముందు ఇంట్లో చేసుకోవాల్సినవి

ముందుగా మీరు నిలబడబోయే చోటు నుంచి లాంచ్‌ప్యాడ్‌కి సరళరేఖ దూరం తెలిసుండాలి. రోడ్డు దూరం పనికిరాదు. శబ్దం పులికాట్ రోడ్డు మీదుగా తిరిగి రాదు కదా.

ఫోన్ మ్యాప్‌లో దూరం కొలిచే సదుపాయం ఉంటుంది. శ్రీహరికోటలో రెండో లాంచ్‌ప్యాడ్ సుమారు 13.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.23 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మొదటి లాంచ్‌ప్యాడ్ దానికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. ప్రయోగం ఏ ప్యాడ్ నుంచో ముందే ప్రకటిస్తారు. ఆ బిందువు నుంచి మీ చోటుకి గీత లాగి, వచ్చిన దూరాన్ని కాగితం మీద రాసుకోండి.

ఒక అంచనా కోసం: సూళ్లూరుపేట పట్టణం నుంచి ప్యాడ్ సరళరేఖలో 22, 23 కిలోమీటర్లు ఉంటుంది. అంటే నిప్పు అంటుకున్న శబ్దం అక్కడికి చేరడానికి నిమిషం పైనే పడుతుంది. చెన్నై మెరీనా నుంచైతే 70 కిలోమీటర్లు దాటుతుంది. అక్కడ పొగ గీత కనబడొచ్చు కానీ శబ్దం మీద ఆశ పెట్టుకోకండి.

రెండోది గాలి ఉష్ణోగ్రత. శబ్ద వేగం దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. సూత్రం ఇది: సెకనుకి మీటర్లలో వేగం = 331 + (0.6 × సెల్సియస్ డిగ్రీలు).

- 20 డిగ్రీలైతే 343
- 25 డిగ్రీలైతే 346
- 30 డిగ్రీలైతే 349
- 35 డిగ్రీలైతే 352

తీరంలో గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఇంకో మీటరు, రెండు మీటర్లు కలవొచ్చు. దాన్ని వదిలేసినా నష్టం లేదు.

సామాన్ల చెక్‌లిస్ట్:

- రెండు ఫోన్లు. ఒకటి వీడియోకి, ఒకటి స్టాప్‌వాచ్‌కి
- ఫోన్ కదలకుండా నిలబెట్టడానికి ట్రైపాడ్, లేదంటే రాయీ రబ్బర్ బ్యాండూ
- చిన్న నోటుబుక్, పెన్ను
- ఎండకి టోపీ, నీళ్లు
- గ్యాలరీకి (ప్రయోగం చూడటానికి శ్రీహరికోటలో జనాన్ని అనుమతించే చోటు) వెళ్తే రిజిస్ట్రేషన్ కాగితం, గుర్తింపు కార్డు

## 2. ముందు రోజు రిహార్సల్

రాకెట్ దగ్గరే మొదటిసారి స్టాప్‌వాచ్ నొక్కుదామంటే కుదరదు. ఆ క్షణంలో చేతులు వణుకుతాయి.

ఊరవతల చెరువు గట్టునో పెద్ద మైదానంలోనో స్నేహితుణ్ని అర కిలోమీటరు దూరంలో నిలబెట్టండి. అతను రెండు పలకల్ని తలకి పైన ఎత్తి పట్టుకుని ఒకదానితో ఒకటి గట్టిగా చరచాలి. పలకలు కలిసినప్పుడు నొక్కండి, చప్పుడు వినబడగానే ఆపండి. సెకనున్నరకి కాస్త తక్కువ రావాలి. పదిసార్లు చేస్తే మీ చెయ్యి ఎంత తేడా చేస్తుందో మీకే తెలుస్తుంది. మామూలుగా 0.2 సెకన్లు ఇటు అటు అవుతుంది. అంటే 70 మీటర్లు. అర కిలోమీటరు కొలతలో అది పెద్ద తప్పు, ఏడు కిలోమీటర్ల కొలతలో చిన్నదే.

దీపావళి రాత్రైతే ఇంకా మేలు. ఆకాశంలో విచ్చుకునే ఔట్లకి వెలుగూ చప్పుడూ రెండూ ఉంటాయి. పైగా ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి జత కుదర్చడం కూడా అలవాటవుతుంది.

## 3. నిలబడే చోటు

ప్యాడ్ నేరుగా కనబడితే అదృష్టమే. చాలా చోట్ల చెట్లు అడ్డొస్తాయి. అప్పుడు రాకెట్ చెట్ల పైకి వచ్చాకే మీకు కనబడుతుంది. నిప్పు అంటుకుని అప్పటికే కొన్ని సెకన్లు గడిచిపోతాయి. కనబడిన క్షణాన్ని మొదలుగా తీసుకుంటే దూరం తక్కువగా వస్తుంది.

వెనక పెద్ద గోడలు, భవనాలు లేకుండా చూసుకోండి. ప్రతిధ్వని వచ్చి రెండో పేలుడులా వినబడుతుంది. లౌడ్‌స్పీకర్ పక్కన కూర్చోవద్దు. కేకలు, చప్పట్లు ఎక్కువగా ఉండే చోటుకి కాస్త పక్కగా ఉండండి.

గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకోండి. ప్యాడ్ వైపు నుంచి మీ వైపు సెకనుకి 10 మీటర్ల గాలి వీస్తుంటే శబ్దం అంత వేగంగా వస్తుంది, లెక్కలో దాదాపు మూడు శాతం తేడా పడుతుంది. ఎదురు గాలైతే శబ్దం పైకి వంగిపోయి అసలు వినబడకపోవచ్చు కూడా.

## 4. ముందు రాకెట్ బయల్దేరే శబ్దాన్నే కొలవండి

ఈ మెట్టుని చాలామంది దాటేస్తారు. దాటకండి. ప్యాడ్ దూరం మీకు ముందే తెలుసు. కాబట్టి ఇగ్నిషన్ (నిప్పు అంటుకునే) శబ్దం ఎన్ని సెకన్లకు వచ్చిందో కొలిస్తే ఆ రోజు గాలిలో శబ్దం నిజంగా ఎంత వేగంతో వస్తోందో తేలిపోతుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి అన్నీ ఆ ఒక్క అంకెలో కలిసిపోతాయి.

క్రమం ఇలా:

1. కౌంట్‌డౌన్ మొదలవకముందే వీడియో రికార్డింగ్ ఆన్ చేసి, ఫోన్‌ని ముట్టుకోకండి.
2. మంట కనబడగానే స్టాప్‌వాచ్ నొక్కి, "మంట" అని గట్టిగా అనండి. ఆ మాట వీడియోలో గుర్తుగా పడుతుంది.
3. మొదటి గర్జన చెవిన పడగానే ల్యాప్ బటన్ నొక్కండి. స్టాప్ నొక్కొద్దు, గడియారం నడుస్తూనే ఉండాలి.
4. ఆ అంకెతో ప్యాడ్ దూరాన్ని భాగించండి. 340, 360 మధ్య వస్తే మీ కొలత సరైనదే.

రాకెట్‌ని బట్టి ఒక తేడా ఉంది. పీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3లలో ఘన ఇంధనం అంటుకోగానే రాకెట్ లేస్తుంది. జీఎస్‌ఎల్‌వీలో అలా కాదు. చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంధన బూస్టర్లు కౌంట్‌డౌన్ సున్నాకి సుమారు 4.8 సెకన్ల ముందే వెలుగుతాయి, మధ్యలోని ఘన ఇంధన దశ సున్నా దగ్గర అంటుకుంటుంది. అంటే మీకు వినబడే మొదటి శబ్దం బూస్టర్లది. దాన్ని రాకెట్ లేచిన క్షణంతో జత కడితే ఒకటిన్నర కిలోమీటరుకు పైగా తప్పు వస్తుంది.

## 5. పేలుడు కనబడిన క్షణం

ముందు ప్రాణం, తర్వాతే లెక్క.

మెరుపు కనబడిందంటే పీడన తరంగం దారిలో ఉందని అర్థం. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద ఉల్క పేలినప్పుడు వెలుగు చూసి ఏమైందోనని చాలామంది కిటికీల దగ్గరికి వెళ్లారు. నిమిషం దాటాక తరంగం వచ్చి అద్దాలు పగిలాయి. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువ మందికి తగిలినవి గాజు ముక్కలే. మోత ఇంకా రాలేదంటే ప్రమాదం తప్పిందని కాదు.

వెంటనే చేయాల్సినవి:

- కిటికీ, కారు అద్దం, గాజు తలుపు దగ్గరుంటే పక్కకి తప్పుకోండి
- పిల్లల చెవులు మూయండి
- తల మీద ఏదైనా పడే అవకాశం ఉన్న రేకుల షెడ్డు కింద ఉండకండి
- భద్రతా సిబ్బంది చెప్పింది వినండి, గడియారం తర్వాత

గ్యాలరీ లాంటి అనుమతించిన చోట్లలో ఇదంతా రెండు మూడు సెకన్ల పని. ఆ తర్వాత కొలత:

1. మెరుపు కనబడగానే ల్యాప్ నొక్కి, "మెరుపు ఒకటి" అనండి.
2. మరో మెరుపు వస్తే "మెరుపు రెండు" అని మళ్లీ నొక్కండి.
3. పేలుడు ఎంత ఎత్తులో ఉందో చేత్తో కొలవండి. చెయ్యి ముందుకు బారుగా చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిగంతం నుంచి పేలుడు దాకా ఎన్ని పిడికిళ్లు పడతాయో చూడండి.
4. నోరు మెదపకుండా ఎదురుచూడండి. పక్కవాళ్లనీ ఆపండి.
5. గర్జనలోంచి వేరుగా ఒక "ధన్" వినబడగానే ల్యాప్ నొక్కండి. బాగా దూరమైతే అది ధన్ అని కాకుండా గుడగుడలా మొదలవుతుంది. ఆ మొదలునే తీసుకోవాలి. బాగా గట్టిగా వినబడిన క్షణాన్ని కాదు.

## 6. జత కుదర్చడం

2010 డిసెంబర్ 25న శ్రీహరికోట నుంచి జీశాట్-5పీ ఉపగ్రహంతో వెళ్లిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 సంగతి తీసుకుందాం. బయల్దేరిన సుమారు 47 సెకన్లకి కనెక్టర్లు ఊడిపోయి కంట్రోల్ తప్పింది, రాకెట్ ముక్కలవడం మొదలైంది. సుమారు 64 సెకన్ల దగ్గర భద్రతా అధికారులు ధ్వంస ఆదేశం ఇచ్చారు. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి.

ఇప్పుడు సూళ్లూరుపేటలో మేడ మీద నిలబడి దాన్ని చూస్తున్న మనిషిని ఊహించుకుని లెక్క వేయండి. 23 కిలోమీటర్ల దూరానికి శబ్దం 66 సెకన్లు తీసుకుంటుంది. బూస్టర్లు 4.8 సెకన్లు ముందే వెలిగాయి కాబట్టి బయల్దేరే గర్జన అక్కడికి 61వ సెకను ప్రాంతంలో చేరుతుంది. సరిగ్గా ఆకాశంలో నిప్పుల బంతి కనబడే వేళకి! ఆ మనిషి ఏమనుకుంటాడు? పేలుడు మోత వచ్చేసిందనుకుంటాడు. నిజానికి అది ప్యాడ్ మీది శబ్దం. అసలు పేలుడు చప్పుడు చేరాలంటే ఇంకో నిమిషం పైనే ఆగాలి.

అందుకే మూడు నియమాలు పెట్టుకోండి.

మొదటిది: పేలుడు శబ్దం పట్టే సమయం మామూలుగా మీరు నాలుగో మెట్టులో కొలిచిన ఇగ్నిషన్ ఆలస్యానికి దగ్గరలోనో, దాని కంటే ఎక్కువగానో ఉంటుంది. రాకెట్ మీకు దూరంగా సముద్రం మీదికే పోతుంది కదా. మీకు 20 సెకన్లకు ఇగ్నిషన్ వినబడి, మెరుపు తర్వాత 4 సెకన్లకే మోత వచ్చిందంటే ఆ జత తప్పు.

రెండోది: రెండు మెరుపులు ఉంటే వాటి మధ్య విరామాన్ని, రెండు మోతల మధ్య విరామంతో పోల్చండి. రెండూ ఇంచుమించు ఒకటైతే జత సరిపోయింది. మోతల విరామం కాస్త ఎక్కువైతే రెండో పేలుడు మీకు ఇంకొంచెం దూరంలో జరిగిందని అర్థం. ఎక్కడా పొంతన లేకపోతే ఏదో ఒక మోత ప్రతిధ్వని అయి ఉంటుంది.

మూడోది: ఎన్ని సెకన్ల తర్వాతైనా గర్జన ఆగిపోయే క్షణాన్ని రాసుకోండి. ఇంజిన్ ఆగిపోతే ఆ నిశ్శబ్దం కూడా శబ్దం వేగంతోనే మీ దగ్గరికి వస్తుంది. "ధన్" సరిగ్గా వినబడనప్పుడు ఇదే ఆధారం.

## 7. లెక్క

పేలుడు నేల మీదో, ప్యాడ్‌కి కాస్త పైనో జరిగితే ఒక్క గుణకారం చాలు: సెకన్లు × ఆ రోజు శబ్ద వేగం.

20.6 సెకన్లు వచ్చాయనుకుందాం, వేగం 349. గుణిస్తే 7,189 మీటర్లు. ఇక్కడ 7,189 అని చెప్పుకోవడం గొప్పలకు పోవడమే. మీ చెయ్యి 0.3 సెకన్లు తప్పినా, వేగం 4 మీటర్లు తప్పినా కలిపి 190 మీటర్లు దాకా తేడా వస్తుంది. "7.2 కిలోమీటర్లు, 200 మీటర్లు ఇటు అటు" అని రాయండి.

ఆకాశంలో పేలితే మీకు వచ్చేది ఏటవాలు దూరం, అంటే మీ నుంచి పేలుడు దాకా నేరుగా ఉండే దూరం, నేల మీది దూరం కాదు. పైగా పైన గాలి చల్లగా ఉంటుంది. కిలోమీటరుకి ఆరు, ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే శబ్దానికి సగటు వేగం సుమారు 334, నాలుగైదు కిలోమీటర్లైతే 340 తీసుకోండి.

కోణాన్ని బట్టి ఎత్తు తెలియాలంటే ఏటవాలు దూరాన్ని దీనితో గుణించండి:

- 10 డిగ్రీలు (ఒక పిడికిలి): 0.17
- 20 డిగ్రీలు: 0.34
- 30 డిగ్రీలు: 0.50
- 45 డిగ్రీలు: 0.71
- 60 డిగ్రీలు: 0.87

ఉదాహరణకి 36 సెకన్లు, మూడు పిడికిళ్లు. 36 × 340 అంటే 12.2 కిలోమీటర్లు ఏటవాలుగా. ఎత్తు దానిలో సగం, 6.1 కిలోమీటర్లు. దాని కింద నేల మీది బిందువు మీకు సుమారు 10.6 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. పిడికిలి కొలత నాలుగైదు డిగ్రీలు తప్పొచ్చు కాబట్టి ఎత్తులో ఒక కిలోమీటరు అనుమానం ఎప్పుడూ ఉంటుంది.

## 8. వీడియోలోంచి కొలవడం

స్టాప్‌వాచ్ కంటే ఇదే నమ్మకం. సెకనుకి 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో ఒక్కో ఫ్రేము శబ్దం లెక్కలో 12 మీటర్లకు సమానం. వీడియోని ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, మెరుపు మొదట కనబడిన ఫ్రేము సమయం రాసుకోండి. తర్వాత శబ్ద తరంగం గీత ఎక్కడ ఒక్కసారిగా లేచిందో చూడండి. తేడానే మీ ఆలస్యం.

ఒరిజినల్ ఫైల్ మీదే కొలవండి. వాట్సాప్‌లో తిరిగి వచ్చిన కాపీలో మాటకీ బొమ్మకీ పొత్తు తప్పి ఉండొచ్చు. స్లో మోషన్ వద్దు.

ప్రాక్టీస్‌కి ఒక మంచి వీడియో ఉంది. 2016 సెప్టెంబర్ 1న ఫ్లోరిడాలోని కేప్ కెనావెరల్‌లో, ఇంజిన్ పరీక్షకి ఇంధనం నింపుతుండగా స్పేస్‌ఎక్స్ ఫాల్కన్ 9 ప్యాడ్ మీదే పేలిపోయింది. ఆమోస్-6 ఉపగ్రహం కూడా కాలిపోయింది. నాలుగు కిలోమీటర్ల దూరం నుంచి తీసిన వీడియోలో మంట కనబడ్డాక సుమారు 12 సెకన్లకి మోత వస్తుంది. 12 × 348 అంటే 4.2 కిలోమీటర్లు. లెక్క సరిపోయింది.

అందులో అసలు పాఠం వేరే ఉంది. మంట కనబడడానికి కొన్ని సెకన్ల ముందు కూడా చిన్న చిన్న చప్పుళ్లు వినబడతాయి. వాటి మీద అప్పట్లో బోలెడు పుకార్లు పుట్టాయి, ఎలాన్ మస్క్ కూడా ఆ చిన్న చప్పుడు ఏమిటో చూస్తున్నామని ట్వీట్ చేశారు. ఇలాంటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చప్పుడు రాకెట్ దగ్గర పుట్టిందా, కెమెరా దగ్గర పుట్టిందా? రాకెట్ దగ్గరదైతే అది 12 సెకన్ల ముందు జరిగిన సంగతి. కెమెరా పక్కన పిట్ట అరిచినా అదే ట్రాక్‌లో పడుతుంది. వీడియోలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన రెండూ ఒకే క్షణానివి కావు.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే దారి

లైవ్ స్ట్రీమ్ చూసి స్టాప్‌వాచ్ నొక్కడం. ఫోన్‌లో వచ్చే ప్రసారం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా ఆలస్యం. కంటితో చూసిన మంటనే నమ్మండి.

పేలుడుకి ఆలస్యంగా నొక్కడం. పేలుడు మనం ఊహించనిది కాబట్టి మొదటి నొక్కు ఆలస్యమవుతుంది. మోత కోసం కాచుకుని ఉంటాం కాబట్టి రెండో నొక్కు త్వరగా పడుతుంది. ఫలితం ఎప్పుడూ కాస్త తక్కువ వస్తుంది. వీడియోతో సరిచూసుకోండి. వీడియో లేకపోతే 0.2 సెకన్లు కలపండి.

కాళ్ల కింద కదలికని మోతగా తీసుకోవడం. నేలలో ప్రకంపనలు గాలిలో కంటే చాలా వేగంగా పోతాయి. నేల మీద పెద్ద పేలుడైతే ముందు అది తెలుస్తుంది. చెవికి వినబడిందే లెక్క.

మోత అసలు వినబడకపోవడం. ఎదురు గాలి, జనం గోల, మరీ ఎక్కువ ఎత్తు, ఏదైనా కారణం కావచ్చు. లెక్క వదిలేయండి. ఊహించి అంకె రాయకండి.

ఒక్కరి కొలతతో చోటు చెప్పేయడం. దూరం తెలిస్తే దిక్కు తెలిసినట్టు కాదు. సూళ్లూరుపేటలో ఒకరు, తడ వైపు ఒకరు, గ్యాలరీలో ఒకరు ఉండి ముగ్గురూ కొలిస్తే, మ్యాప్ మీద ఒక్కొక్కరి చుట్టూ వారి దూరంతో వృత్తం గీయండి. మూడూ కలిసే చోటే పేలుడు జరిగిన చోటు. ఆకాశంలో పేలుడైతే ఏటవాలు దూరం కాకుండా నేల దూరంతో గీయాలి. మూడు వృత్తాలు ఒక చుక్క దగ్గర కాక చిన్న ముక్కోణంగా కలుస్తాయి. ఆ ముక్కోణం ఎంత పెద్దదో మీ తప్పు అంత.

## 10. మేఘం, శకలాలు

పేలుడు తర్వాత ఎరుపు, గోధుమ రంగు కలిసిన మేఘం కనబడితే అది నైట్రోజన్ టెట్రాక్సైడ్ కావచ్చు. జీఎస్‌ఎల్‌వీ బూస్టర్లు, పీఎస్‌ఎల్‌వీ రెండో దశ లాంటి వికాస్ ఇంజిన్లలో వాడేదే. పీలిస్తే విషం. మూడో మెట్టులో గాలి దిక్కు రాసుకున్నారు కదా, ఇప్పుడు పనికొస్తుంది. మేఘం మీ వైపు వస్తుంటే గాలికి అడ్డంగా పక్కకి జరగండి, సిబ్బంది దారి చూపితే అటే వెళ్లండి.

తీరానికి కొట్టుకొచ్చిన ముక్కల్ని తాకకండి, జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకోకండి. ఎక్కడుందో ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకుని పోలీసులకు చెప్పండి. వీడియో ఒరిజినల్ ఫైల్‌ని, మీరు నిలబడిన చోటు వివరంతో సహా, డిలీట్ కాకుండా ఒక కాపీ వేరే చోట దాచి ఉంచండి.